పెద్దమాటలో చోటు

గులాబీ పువ్వే, మల్లే పువ్వే. చిన్నమాట అర్థంలో పెద్దమాట అర్థమంతా ఇమిడి ఉంటుందని చెప్పడానికి భాషాశాస్త్రం తరగతిలో ఇచ్చే ఉదాహరణలు ఇలాంటివే. పువ్వుల దగ్గర దీనికి తిరుగులేదు. మనుషుల దగ్గరకొచ్చేసరికే లెక్క తప్పుతుంది. కౌలురైతు రైతేనా? మహిళా రైతు?

'రైతు' అరబ్బీ, పారశీకాల మీదుగా మనకొచ్చిన మాట. మూలంలో దానికి పాలకుడి కిందున్న ప్రజలందరూ అని అర్థం. తర్వాత సాగు చేసేవాళ్లకు పరిమితమైంది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చేసరికి పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లే రైతులయ్యారు. కౌలుదార్లకు అందులో చోటు లేదు. 2007 నాటి జాతీయ రైతు విధానం కౌలుదార్లనీ, వ్యవసాయ కూలీలనీ, పోడు చేసే ఆదివాసీలనీ కూడా రైతులనే నిర్వచించింది. ఆ నిర్వచనం పాసుపుస్తకం దాకా రాలేదు.

జనగామ జిల్లా పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ సాగు చేసింది కౌలు భూమినే. ఆ పంటను ఎత్తుకుపోవాలని విసునూరు దేశముఖ్ చూస్తే సంఘం అండతో ఎదురునిలిచింది. ఆ పోరాటాన్ని మనం 'రైతాంగ' సాయుధ పోరాటం అంటాం. ఆమెను మాత్రం రైతు ఐలమ్మ అనం, చాకలి ఐలమ్మ అంటాం. కులం పేరు తీసేయాలని కాదు నేననేది. ఆ పేరుతోనే తమ చరిత్రను నిలబెట్టుకుంటున్నవాళ్లున్నారు. 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టిందీ ఆ పేరే. 'స్త్రీలు' అనే పెద్దమాట కింద తమ బతుకులు మాయమవుతున్నాయని దళిత స్త్రీలు ఎప్పుడో చెప్పారు. 2003లో 'నల్లపొద్దు' వచ్చాక కూడా ప్రత్యేకమైన మాటలెందుకని మనం అడగలేం. నా పేచీ వేరు. చిన్నమాటను చేతిలో పెట్టి పెద్దమాటను లాగేసుకోవడంతో. చాకలి అయినందుకు రైతు కాకుండా పోవాలా? ఐలమ్మ 2018లో అదే కౌలుభూమి దున్నుతూ ఉంటే, దానికి రైతుబంధు ఆమెకొచ్చేది కాదు.

మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే రోజుల్లో చేలల్లో కనిపించేది ఎక్కువగా ఆడవాళ్లే. పరాయి చేలో ఏరితే కూలి, సొంత చేలో ఏరితే భర్తకు సాయం. 'మగ రైతు' అనే మాట ఎవరికీ ఎప్పుడూ అవసరపడలేదు, గమనించారా?

భూపాలపల్లి అడవుల్లో పోడు సంగతికొస్తే చట్టం కొంత నయం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒంటరి స్త్రీ ఇంటిపెద్దయితే ఆమె ఒక్కదాని పేరునే. ఆ కాగితం మీద ఆమె పేరు ముందు 'మహిళా' అని ఎవరూ రాయనక్కర్లేదు.