అహింసకు హద్దు ఎక్కడ?

మాంసము ముట్టని యిండ్లలో పుట్టిన మనకు అహింస విషయమున ఒక ధీమా కలదు. కత్తి పట్టము, వల పన్నము. కావున మన చేతులు శుద్ధమైనవని తలంతుము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందలి శరణ బంధువుల యిండ్లలో ఈ నమ్మకము తరతరములుగా నిలిచియున్నది. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. చంపకున్నంత మాత్రమున హింస చేయనట్లేనా యన్నదే నా సందేహము.

రాబందుల సంగతి చూడుడు. 1990 దశకమున మన దేశమున రాబందులు కుప్పలుగా చావసాగినవి. మూడు జాతులలో నూటికి 90కి పైగా నశించినవి. ఏదో అంటువ్యాధియని మొదట అనుకొనిరి. 2004లో అసలు కారణము బయటపడినది. అది డైక్లోఫెనాక్ అను నొప్పి మందు. జబ్బుపడిన యెద్దు బాధ చూడలేక రైతు ఆ సూది వేయించును. ఎద్దు బ్రదుకక చచ్చినచో, దాని కళేబరమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి కొలది దినములలో మరణించును. 2006లో ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. అయినను మనుష్యులకై చేసిన పెద్ద సీసాలు పశువులకు పోవుచుండగా, 2015లో ఆ పెద్ద సీసాలను కూడ నిషేధింపవలసి వచ్చినది. రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును. పోయిన సంఖ్య త్వరగా తిరిగి రాదు. మనకు ఉత్తరమున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై అవి గూళ్లు కట్టుచున్నట్లు 2013లో గుర్తించినప్పుడు, అదియే ఒక వార్తయైనది. మా తాతగారి కాలమున రాబందును చూచుట వార్త కాదు.

ఇందు దోషమెవరిది? 2004కు ముందు సూది వేయించిన రైతుది కేవలము దయ. అతనిని దోషియనుటకు నాకు నోరు రాదు. అయితే తెలిసిన పిమ్మట పెద్ద సీసా అమ్మినవాని, కొన్నవాని సంగతి వేరు. తెలియమి ఒకనాటి వరకే క్షమార్హము.

చంపకయే చేయు హింస ఇంకను సూక్ష్మమైనది. డి.డి.టి. వలన డేగల గ్రుడ్ల పెంకులు పలుచబడినవని 1967లో ఇంగ్లండున డెరెక్ రాట్‌క్లిఫ్ తెలిపెను. పొదుగుచున్న తల్లి బరువునకే గ్రుడ్డు పగిలెడిది. తల్లి బ్రదికియే యున్నది, వంశము నిలువలేదు. 2003లో హాలండు దేశపు లైడెన్ నగరమున ఒక పరిశీలన జరిగెను. వాహనముల రొదలో మంద్రస్వరము వినబడనందున అచటి చిన్న పిట్టలు హెచ్చు శ్రుతిలో పాడుచున్నవని తేలినది. పాట పక్షికి వినోదము కాదు. జతను పిలుచుట, పొలిమేర చాటుట దానితోనే. మిణుగురులకు మెరుపే భాష. చెరువుగట్టున తెల్లవార్లు దీపములు వెలిగించినచో ఆ భాష చెరిగిపోవును. మన ఊరేగింపుల మైకులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే సిరిసిల్ల మరమగ్గములను ఆపవలెనా యని ఎవరైన అడుగవచ్చును. ఆపవలెనని నేననను. కాయకమును పూజగా ఎంచిన వారము మనము. ఆ చప్పుడు మొదట నేతగాని చెవులనే బాధించుచున్నది. అక్కరకు చేయు చప్పుడు వేరు, ఆర్భాటమునకు చేయునది వేరు. ఈ రెంటిని ఒకే త్రాసున తూచరాదు.

మాకు జగిత్యాల దగ్గర కొద్దిపాటి మామిడితోట కలదు. పూత వేళ తేనెమంచు పురుగుకు థయామెథాక్సాం కొట్టుట వాడుక. ఆ మందు కొద్దిపాటి సోకినను తేనెటీగ తెట్టెకు పోవు దారి తప్పునని 2012లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పిరి. అప్పటికప్పుడు చావదు, ఇల్లు మాత్రము మరచును. ఈ సంగతి చదివిన నాటి నుండి పూత విచ్చిన పిమ్మట ఆ మందు జోలికి పోక, సందెవేళ వేపనూనె నీరు కొట్టించుచున్నాము. పురుగు పూర్తిగా పోదు. కాపు కొంత తగ్గినది. సందెవేళ వచ్చుటకు కూలివారు హెచ్చు అడుగుదురు. ఈ నష్టమును ఏ పద్దున వ్రాయవలెనని మా అబ్బాయి అడిగినాడు. దాసోహము పద్దున వ్రాయుమంటిని.