పొదుగు కోడిని లేపే హక్కు

గుడ్లు లేని గంపలో పదిహేను రోజులుగా కదలకుండా కూర్చున్న కోడిని ఏం చేయాలి? మన గూడేల్లో ఎవరినైనా ఈ మాట అడిగితే నవ్వుతారు. ‘‘నాలుగుసార్లు నీళ్లలో ముంచు, అదే లేస్తుంది’’ అంటారు. ఇంత చిన్న పనికి ఆలోచన దేనికని వాళ్ల ఉద్దేశం. నాకు మాత్రం ఇందులో బడిలోనూ, ఇంట్లోనూ, గ్రామసభలోనూ ఎదురయ్యే ప్రశ్నే కనిపిస్తుంది. ఒక ప్రాణి తనకు తానే చెరుపు చేసుకుంటుంటే దాని మేలు కోరి ఆపవచ్చా? ఆపినప్పుడు అది దాని మేలు కోసమో, మన లాభం కోసమో ఎలా తేల్చుకోవాలి?

ముందు కోడి సంగతి చూద్దాం. నాటు కోడి ఒక విడతలో పది పదిహేను గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత గంప వదలదు. ఒళ్లు ఉబ్బించి, ఈకలు నిక్కబొడుచుకుని, చెయ్యి పెడితే గుర్రుమని పొడుస్తుంది. రొమ్ము దగ్గరి ఈకలు ఊడిపోయి, ఒట్టి చర్మం వెచ్చగా గుడ్లకు తగులుతుంది. రోజుకు ఒకసారి లేచి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి, గుడ్లు చల్లారకముందే వచ్చి కూర్చుంటుంది. కూర్చున్నచోటే గుడ్లను ముక్కుతో అటూ ఇటూ దొర్లిస్తుంది. 21 రోజులు ఇదే పని. ఎవరూ నేర్పలేదు. బీఈడీ, డీఈడీ ఏదీ అక్కర్లేదు.

ఈ పట్టుదలకు కారణం కోడి ఒంట్లోనే ఉంది. ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరిగితే గుడ్లు పెట్టడం ఆగి పొదగడం మొదలవుతుంది. మనుషుల్లో బాలింతకు పాలు పడేలా చేసేది కూడా అదే హార్మోను. అందుకే పొదుగు కోడిని ‘మొండిది’ అని తిట్టడం నాకు సరిగా తోచదు. బాలింతకు పాలు పడితే దాన్ని ఎవరూ మొండితనం అనరు కదా.

చిక్కు ఎక్కడంటే, కోడికి లెక్క తెలియదు. గుడ్లు మురిగిపోయినా, మనం తీసేసినా, కింద ఒట్టి గడ్డే ఉన్నా అది కూర్చునే ఉంటుంది. పొదుగు ముగిసిందని దానికి చెప్పేది పిల్లల కిచకిచ. ఆ చప్పుడు వినబడకపోతే కొన్ని వాటంతట అవే లేస్తాయి, కొన్ని నెల దాటినా లేవవు. తిండి తగ్గి రొమ్ము ఎముక చేతికి తగులుతుంది. ఎర్రటి జుట్టు పాలిపోతుంది. మట్టి స్నానం లేక పేలు పడతాయి. వానాకాలమైతే తట్టుకోలేక చచ్చిపోయేవీ ఉంటాయి. కాబట్టి ‘తల్లి ప్రేమ, దాన్ని అలా వదిలేయండి’ అనడం వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాట అన్నవాళ్లు గంప దగ్గర నాలుగు రోజులు కూర్చుని చూడలేదని నా అనుమానం.

ఇంటి ఇల్లాలి వైపు నుంచి కూడా చూడాలి. పొలం మీద వచ్చే డబ్బు మగవాళ్ల చేతికి పోతుంది. కోళ్ల మీద వచ్చేది ఆడవాళ్ల చేతి డబ్బు. సంతకు నాలుగు గుడ్లు, ఒక పుంజు పట్టుకెళితే ఉప్పు, సబ్బు, పిల్ల నోటు పుస్తకం వస్తాయి. ఉన్న మూడు పెట్టల్లో ఒకటి రెండు నెలలు గుడ్డు పెట్టకపోతే ఆ ఇంట్లో తేడా తెలుస్తుంది. పొదుగు మాన్పించాలని ఆమె అనుకోవడంలో అన్యాయం ఏమీ లేదు.

ఎలా మాన్పిస్తున్నాం అన్నదే నా పేచీ. బిందెలో ముంచి తీయడం, కాలికి తాడు కట్టి ఎండలో వదలడం, రెండు రోజులు తిండీ నీళ్లూ పెట్టకపోవడం, ముక్కు రంధ్రాల్లో నుంచి ఈక దూర్చి వదలడం. ఇవన్నీ మన ఊళ్లలో చేసేవే. వీటిలో కొన్ని ‘పనిచేస్తాయి’ కూడా. దెబ్బ కొట్టినా పిల్లవాడు ఎక్కం అప్పచెబుతాడు, అదీ పనిచేసినట్టే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పెంచుకునే జంతువుకు తిండి, నీళ్లు పెట్టకపోవడాన్ని నేరం అంటుంది. మన దగ్గరకు ఆ చట్టం పట్టుకుని ఎవరూ రారు, రావాలని నేను కోరడమూ లేదు. చట్టం లేకపోయినా మనం ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ గంప ఖాళీ చేసింది ఎవరు?

మనమే. రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి గుడ్డు తీసుకున్నది మనమే. కోడి తన పని తాను చేసింది, పెట్టింది, కూర్చుంది. కింద గుడ్లు లేకపోవడం దాని తప్పు కాదు. గుడ్లు తీసుకున్న చెయ్యే దాన్ని ‘తెలివి లేనిది, ఉత్త గంపలో కూర్చుంది’ అని వెక్కిరించి నీళ్లలో ముంచుతోంది. గుడ్లు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు, నేనూ తింటాను. కానీ తీసుకున్నాక మనకు ఒక బాకీ మిగులుతుంది. దాన్ని లేపే హక్కు మనకు ఉందీ అంటే ఆ బాకీ తీర్చే పద్ధతిలో లేపినప్పుడే ఉంది.

పద్ధతి కష్టమైనదేం కాదు. కోడి పొట్ట కింద వెచ్చదనం నిలవకూడదు, గూడు లాంటి చీకటి మూల దొరకకూడదు, అంతే. ఊళ్లో అందరికీ నులక మంచం ఉంటుంది, లేకపోతే వెదురు తడక ఉంటుంది. దాన్ని నేలకు ఎత్తుగా, నీడలోనే గానీ బాగా వెలుతురున్న చోట వేసి, మీద సందులున్న కోళ్ల గంప బోర్లించి కోడిని పెట్టాలి. గడ్డి వేయకూడదు. కింది నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడుతుంది. నీళ్లు, గింజలు మాత్రం ఎప్పుడూ ఉండాలి, మామూలు కంటే కాస్త ఎక్కువే పెట్టాలి, ఎందుకంటే అది ఇప్పటికే చిక్కిపోయి ఉంది. మూడు నాలుగు రోజుల్లో చాలా కోళ్లు మామూలుగా అరవడం మొదలెడతాయి. పొదుగు పట్టిన తొలి రెండు మూడు రోజుల్లోనే చేస్తే ఇంకా తొందరగా అవుతుంది. మళ్లీ గుడ్డు పెట్టడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ముంచడం కంటే దీనికి ఓపిక కావాలి. ఆ ఓపికే బాకీలో మొదటి వాయిదా.

ఈ మాటలు చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు, ‘‘రేపు కోసుకు తినే కోడికి ఇవాళ ఇంత మర్యాద దేనికి సార్?’’ అని. మంచి ప్రశ్న. జవాబు నేను పుస్తకంలో వెతకలేదు. పండగ నాడు కోడిని కోసే ముందు మన పెద్దలు ఏం చేస్తారో చూడమన్నాను. దాని ముందు బియ్యం గింజలు పోస్తారు. అది ముక్కుతో పొడిచి తినేదాకా కత్తి ఎత్తరు. తినకపోతే ఆగుతారు, మళ్లీ మొక్కుతారు, మాట ఏదైనా తప్పామా అని ఆలోచిస్తారు. ఆకలిగా ఉన్న కోడి గింజలు చూస్తే తినకుండా ఉంటుందా, అది ఒప్పుకోలు ఎలా అవుతుంది అని వాదించవచ్చు, నిజమే. అయినా చంపే ముందు కూడా అడగాలన్న ఆలోచన ఎవరికో వచ్చింది, తరాలుగా నిలిచింది. ఒక్క వేటుతో పోయే ప్రాణానికే అంత జంకు ఉంటే, బతికున్న కోడిని రోజుల తరబడి బాధపెట్టడం ఆ పెద్దల లెక్కలో ఎలా కుదురుతుంది? పొదుగు కోడి ముందు గింజలు పోసి చూడండి. లేవదు. అదీ ఒక జవాబే.

ఇక, పొదుగే లేకుండా చేసిన కోళ్లు వచ్చాయి. ఫారాల్లోని వైట్ లెగ్‌హార్న్ సంతతి ఏడాదికి మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది, గంప ముఖం చూడదు. తరాలపాటు పొదగని పెట్టలనే ఏరి ఏరి పెంచితే ఆ గుణం పోయింది. పొదిగే పని కరెంటు పెట్టెకు ఇచ్చారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు మన గూడేలకూ వచ్చాయి. అవి నాటు కోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, త్వరగా బరువెక్కుతాయి, మేలే. కానీ పొదగవు. వాటి గుడ్లు పిల్లలు కావాలంటే ఇంట్లో ఒక నాటు పెట్టను గంపలో కూర్చోబెట్టాల్సిందే. మనం ‘పాడు గుణం’ అని తిట్టిన గుణమే అప్పుడు కావాల్సి వస్తుంది. కరెంటు సరిగా ఉండని కొండ ఊళ్లో పొదిగే కోడి కంటే నమ్మకమైన యంత్రం లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో కొత్తగా చేరిన మూడో తరగతి పిల్ల వారం రోజులు గేటు దగ్గరే కూర్చుంటుంది. అన్నం ముందు పెడితే ముట్టదు. పలకరిస్తే మొహం తిప్పుకుంటుంది. స్టాఫ్ రూములో ‘మొండి పిల్ల’ అనే మాట వెంటనే వస్తుంది. ఆ పిల్లను ఇంటి నుంచి, అమ్మమ్మ నుంచి, ఇంటి భాష నుంచి తెచ్చింది ఎవరో ఆ మాటలో ఉండదు. చదువు ఆమె మేలుకే, అందులో నాకు సందేహం లేదు, ఉంటే ఈ ఉద్యోగం చేయను. అయితే మేలు పేరుతో తీసుకొచ్చినవాళ్ల మీదే ఎక్కువ ఓపిక పడే బాధ్యత ఉంటుంది. ఆమె భాషలో నాలుగు మాటలు నేర్చుకోవడం, అదే ఊరి పెద్ద పిల్లను పక్కన పడుకోబెట్టడం, ఆదివారం ఇంటివాళ్లు వస్తే గేటు దగ్గర గడియారం చూడకుండా ఉండటం మన పని.

పోలిక ఇక్కడ ఆపాలి. మనుషులను కోళ్లతో పోల్చడం మన మీద ఇంతకుముందే చాలామంది చేశారు. కోడిని అడిగినా చెప్పలేదు, అందుకే దాని తరఫున మనం తేల్చాల్సి వస్తుంది. పిల్లను అడిగితే చెబుతుంది. పెద్దవాళ్లు ఇంకా బాగా చెబుతారు. పోలవరం ముంపు ఊళ్లలో ఇల్లు వదలని కోయ, కొండరెడ్డి ముసలివాళ్లను ఉద్దేశించి ‘మీ మేలు కోసమే, మొండికేయకండి’ అనే మాట విన్నాం. 1996 పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు, ఊరిని కదిలించే ముందు గ్రామసభను సంప్రదించాలంటుంది. అంటే గింజలు పోసి ఆగడం. జవాబు వచ్చేదాకా ఆగారా లేదా అన్నది ప్రతి ఊరూ తన అనుభవంతో చెప్పుకోగలదు.

మళ్లీ గంప దగ్గరికి వస్తే, నాలుగు రోజులు తడక మీద ఉంచి వదిలినా సూటిగా పాత మూలకే పరుగెత్తే కోళ్లు ఉంటాయి. మరో నాలుగు రోజులు చూడవచ్చు. అప్పటికీ అంతే అయితే దాంతో పోట్లాడటం మానేసి గుడ్లు ఇవ్వడమే మంచిది. ఇంట్లో లేకపోతే పుంజు ఉన్న పక్కింటివాళ్లను అడగాలి. వారం రోజులకు మించి నిలవ ఉంచనివి, పగుళ్లు లేనివి పది పన్నెండు చాలు, అంతకు మించితే పొట్ట కింద ఇమడవు. అన్నీ ఒకే రోజు, చీకటి పడ్డాక పెట్టాలి. ఏడో రోజు రాత్రి ఒక్కొక్కటే టార్చిలైటు ముందు పట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, కనిపించనివి తీసేయాలి. గుడ్లిచ్చిన ఇంటికి లేచిన పిల్లల్లో సగం. ఈ సగం పాలు లెక్క ముందే మాట్లాడుకోవాలి, పిల్లలు లేచాక మాట్లాడితే గద్ద ఎత్తుకుపోయింది ఎవరి వాటాలోది అనే తగవు వస్తుంది.