కుండ చల్లబడని రోజు

దర్శి దగ్గర ఒక కుర్రాడు మిర్చి నారు పెంచి అమ్మడానికి పాలీహౌస్ వేశాడు. అందరిలా షేడ్‌నెట్ కాదు. ఒక గోడకు నీళ్ళు కారే కూలింగ్ ప్యాడ్లు, ఎదుటి గోడకు నాలుగు పెద్ద ఫ్యాన్లు, వేడి చూసి వాటిని నడిపే కంట్రోల్ పెట్టె ఒకటి. పెట్టెలో 30 డిగ్రీలని నొక్కాడు. చదువుకున్నవాడు కనుక ల్యాప్‌టాప్‌లో ఒక లెక్క కూడా కట్టుకున్నాడు. ఎండ ఎంత, ప్లాస్టిక్ లోంచి దిగే వేడి ఎంత, ఫ్యాన్లు లాగే గాలి ఎంత, కాలే యూనిట్లు ఎన్ని, అన్నీ అందులో ఉన్నాయి.

మే నెలలో కీరదోస వేసి చూశాడు. బయట 40, లోపల 30. ఫ్యాన్లు కాసేపు తిరిగి కాసేపు ఆగేవి. బిల్లు లెక్కకు దగ్గరగానే వచ్చింది. పని లేకపోయినా జనం వచ్చి కాసేపు లోపల నిలబడి పోయేవాళ్ళు.

సెప్టెంబరులో ప్రోట్రేలు నింపి మిర్చి నారు పోశాడు. వానలు పడ్డాయి, బయట 33కి దిగింది. లెక్క ప్రకారం బిల్లు సగం కావాలి. ఫ్యాన్లేమో పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఆగడం లేదు. ఒక్కోటి ఒకటిన్నర హార్స్‌పవర్. నాలుగూ కలిసి గంటకు నాలుగున్నర యూనిట్లు. లోపల మాత్రం 32 నుంచి కదలదు. ఆ తేమకు నారుకుళ్ళు తెగులు పట్టి మొక్కలు మొదట్లో మెత్తబడి వాలిపోతున్నాయి. ప్యాడ్లు కడిగించాడు. ఐదో ఫ్యాన్‌కి అడ్వాన్సు ఇచ్చాడు.

పక్క చేలో షేడ్‌నెట్ కింద నారు పోసే పెదనాయన ఒకరోజు వచ్చి, తడి ప్యాడ్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

“ఏరా, ఇంట్లో కుండ నీళ్ళు తాగుతున్నావా?”

“చల్లగా ఉంటేగా పెదనాయనా తాగేది!”

“ఎండాకాలంలో ఉండేయిగా?”

“అప్పుడు ఉండేయి.”

“మరి కుండ మారిందంటావా?”

కుర్రాడు మాట్లాడలేదు. సాయంత్రం థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, బయట గాలి తగిలేలా పట్టుకున్నాడు. 29 దగ్గర ఆగింది. మే నెల పొడిగాలికి లెక్క కడితే అదే 24 వచ్చింది. ప్యాడ్ చల్లబరిచేది నీరు ఆవిరైతేనే. తడిగుడ్డ చూపిన అంకె కన్నా కిందికి ఏ ప్యాడూ గాలిని దించలేదు. మంచి ప్యాడ్ కూడా బయటి వేడికీ ఆ అంకెకీ మధ్య దూరంలో సుమారు 80 శాతం దాకానే దించుతుంది. అంటే సెప్టెంబరులో ప్యాడ్ దాటి వచ్చే గాలే దాదాపు 30. దాని పైన లోపలి ఎండ వేడి. ఇక పెట్టె కోరిన 30 ఎక్కణ్ణించి వస్తుంది?

మర్నాడు ప్యాడ్లకు నీళ్ళు ఆపేశాడు. పైన నీడ తెర లాగి, పక్క తెరలు చుట్టి ఎత్తాడు. పురుగు రాని సన్నవల మాత్రం తీయలేదు. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ఏం చేసిందో ఆ ప్రాంతంలో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. సన్నవల గాలిని అడ్డుకుంటుంది, అందుకని రెండు ఫ్యాన్లు మాత్రం తిప్పాడు. లోపల 34కి ఎక్కింది. తెగులు ఆగింది, మిగిలిన నారు నిలబడింది. ఐదో ఫ్యాన్ అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

నీతి: గాలి ఇవ్వలేని చల్లదనాన్ని యంత్రాన్ని అడిగితే, చల్లదనం రాదు, బిల్లు వస్తుంది.

కుర్రాడి లెక్కలో కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉన్నాయి. గాలిలో తేమ అనే అంకె ఒక్కటే లేదు. ఇలాంటి లెక్కలకు పేరున్న నెదర్లాండ్స్‌లో రైతుకు ప్రధాన భారం చలికాలంలో లోపల వేడి నిలపడం; 2022లో గ్యాస్ ధర పెరిగినప్పుడు అక్కడ కొందరు గ్రీన్‌హౌస్‌లను ఖాళీగా ఉంచారు. మనకు అసలు చిక్కు వేడిని బయటికి పంపడంలో ఉంది. అక్కడి లెక్కను ఇక్కడికి తెచ్చి ఊరి పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. హైదరాబాద్‌లో మొదలైన ఖేతీ సంస్థ చిన్న రైతుల కోసం చవక గ్రీన్‌హౌస్ తయారుచేసి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి అందుకుంది. ఖరీదైన యంత్రాలే దారి కాదనడానికి నాకు అదొక మంచి సాక్ష్యం.

ఫ్యాన్లు తప్పనిసరైతే వేగం తగ్గించే డ్రైవ్ పెట్టుకోవడం మేలు. వేగం సగమైతే గాలీ సగమే వస్తుంది, కరెంటు మాత్రం సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతే. ప్యాడ్ల సంగతి వేరు. అవి బాగా పనిచేసేది మార్చి నుంచి జూన్ దాకా, మిర్చి నారు పోసేది ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు దాకా. ఆ నారు నెలల్లో తడిగుడ్డ అంకె ఎన్ని రోజులు 25 కన్నా తక్కువ ఉంటుందో ఒక్క సీజను రాసుకుంటే, ప్యాడ్లు కొనాలో వద్దో కంపెనీ మనిషి రాకముందే తేలిపోతుంది.