పరగడుపు

ఖాళీ కడుపుకి మన తెలుగులో ఉన్నన్ని పేర్లు నిండు కడుపుకి లేవు. కూలికెళ్లే ఇంట్లో పిల్ల తినకుండా బడికెళితే అది పస్తు. శనివారం నాడు అత్తగారు తినకపోతే ఉపవాసం. పదో క్లాసు చదివే మన అమ్మాయి ప్లేటు పక్కకి నెట్టి "నాకొద్దు, లావైపోతున్నా" అంటే డైటింగు. కడుపుకి మాత్రం ఈ తేడాలేవీ తెలియవు. దాని మానాన అది మండుతుంది.

పేరు మారగానే మన తీర్పు ఎలా మారిపోతుందో చూడండి. పస్తుని చూసి అయ్యో అంటాం. ఉపవాసానికి చేతులెత్తి మొక్కుతాం. డైటింగు అనగానే "ఈ కాలం పిల్లల వేషాలు" అని విసుక్కుంటాం. ఈ మూడో తీర్పు దగ్గరే నాకు పేచీ.

ఆ పిల్ల ఇది ఎక్కడ నేర్చుకుందంటారు? సినిమాలు, ఫోన్లు అనేసి చేతులు దులుపుకోవడం తేలికే. కాని ఫోను చేతికి రాకముందు ఆ పిల్ల ఏళ్ల తరబడి చూసింది మన వంటింటిని. ఐదింటికి లేచిన అమ్మ అందరికీ వడ్డించి, బాక్సులు కట్టి, తను మాత్రం కాఫీ నీళ్లతో పదకొండింటిదాకా నెట్టుకొస్తుంది. అడిగితే "నాకు పొద్దున్నే ఆకలుండదులే" అంటుంది. పిండి మిగిలితే ఓ అట్టు పోసుకుంటుంది, మిగలకపోతే అదీ లేదు. తినకపోవడం ఆడదానికి ఒక గొప్ప అని, ఎవరూ నోరు విప్పకుండానే చెప్పిన పాఠం అది. కూతురు ఆ పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పింది. కారణం ఒక్కటే మార్చుకుంది.

పైగా మనం ఒకే నోటితో రెండు మాటలంటాం. పొద్దున "రెండిడ్లీలన్నా తిని పోవే" అని గుమ్మందాకా వెంటపడేదీ మనమే, సాయంత్రం పేరంటంలో "పిల్ల ఒళ్లు చేస్తోంది వదినా, ఇప్పట్నించే చూసుకోవాలి" అనేదీ మనమే. అదే వయసు మగపిల్లాడు ఒళ్లు చేస్తే దిట్టంగా ఉన్నాడంటాం, తాతగారి పోలిక అంటాం. ఆడపిల్లకి మాత్రం ఒంటి బరువు కూడా నడవడిక కింద జమ అవుతుంది. ఎదిగే వయసులో ఆడపిల్ల ఒంట్లో కాస్త కొవ్వు చేరడం ప్రకృతి చేసిన ఏర్పాటు. పిల్లల బరువుని పెద్దవాళ్ల లెక్కలతో చూడకూడదనీ, వయసునీ ఎత్తునీ బట్టి చూడాలనీ డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. పెళ్లిచూపుల వాళ్ల లెక్క వేరు, దాన్ని ఏ డాక్టరూ మార్చలేడనుకోండి!

పోనీ, పొద్దున తినకపోతే సన్నబడతారా? టిఫిను మానేసే పిల్లల్లోనే లావు ఎక్కువ కనిపిస్తోందని చాలా దేశాల్లో గమనించారు. అలాగని టిఫిను తినిపిస్తే చిక్కిపోతారనీ కాదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 13 ప్రయోగాల్ని కలిపి చూశారు. అవి పెద్దవాళ్ల మీద చేసినవే. పొద్దున తింటే బరువు తగ్గుతుందనడానికి వాటిలో రుజువు దొరకలేదు. ఇంతకీ గుట్టు ఇడ్లీలో లేదన్నమాట. పొద్దున తినని పిల్ల చాలాసార్లు రాత్రి పన్నెండుదాకా మేలుకున్న పిల్ల, ఆటల పీరియడు లెక్కల మేష్టారికి వెళ్లిపోయిన పిల్ల, పదకొండింటికి ఆకలి తట్టుకోలేక చిప్సు పొట్లం చింపే పిల్ల. ఇందులో ఆ పిల్ల తనకు తానుగా ఎంచుకున్నది ఎంత?

బరువు సంగతలా ఉంచి రక్తం సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత ఉందని తేలింది. అద్దంలో నడుము కనిపిస్తుంది గాని రక్తం కనిపించదు కదా! అందుకే దాని గురించి పేరంటంలో ఎవరూ మాట్లాడరు.

మా కనిగిరి, వెలిగండ్ల వైపు ఒకప్పుడు పొద్దున తిండంటే టిఫిను కాదు, సద్ది. రాత్రి మిగిలిన సంగటి ముద్ద మజ్జిగలో పిసుక్కుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి చేలోకి పోయేవాళ్లు. జొన్న, సజ్జ, రాగి పండిన మెట్టనేల అది. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చి పేదింటికీ వరన్నం అందింది. మంచిదే, ఎవరు కాదంటారు? కాని ఆ తర్వాత సంగటి తింటామని చెప్పుకోవడమే నామోషీ అయింది. ఇప్పుడదే రాగి పట్నంలో షుగరు పేషెంట్ల కోసం డబ్బాల్లో కూర్చుంది. అదేదో బంగారు కాలమని నేననను. అప్పుడూ ఆడవాళ్లు ఆఖర్నే తిన్నారు. అయితే కలుపు తీయాల్సిన మనిషిని పరగడుపున పంపితే మధ్యాహ్నానికి సాలు సాగదని అందరికీ తెలుసు. కాబట్టి పొద్దున్నే ఆకలేస్తోందనడానికి ఆడమనిషి సిగ్గుపడే పని లేకపోయింది.

2023 మార్చిలో మన ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు పొద్దున్నే బెల్లం వేసిన రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. వెలిగండ్ల దగ్గర ఒక బళ్లో టీచరుగా ఉన్న మా పిన్ని కూతురు అప్పట్లో ఫోను చేసింది.

"అక్కా, ఇంటికాడ ఏమీ తిననని వాళ్లమ్మతో రోజూ పోట్లాడే పిల్ల ఉంది మా తొమ్మిదో క్లాసులో. ఇక్కడ రెండో గ్లాసు అడుగుద్ది."

"అంత బాగుంటుందా?"

"బాగుండటం కాదక్కా. ఇక్కడ అందరూ ఒక్కసారే తాగుతారు. ఎవరు ఎంత తాగారో చూసేవాళ్లు లేరు. మేమూ వాళ్లతోపాటే గ్లాసు పట్టుకుని నిలబడతాం. నేను మాత్రం ఇంట్లో తిని వస్తున్నానా ఏంది?"