త్రవ్వని బావులు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 6:10–12, 2 సమూయేలు 23:13–17

కనాను పొలిమేరలో నిలిచిన ఇశ్రాయేలీయులకు మోషే చేసిన హెచ్చరిక మొదట వింతగా తోచును. అరణ్యములో నలువది సంవత్సరములు తిరిగిన ఆ జనులు ఆకలిదప్పుల నెరిగినవారు. అయినను మోషే భయపడినది వారి కొరతను గూర్చి కాదు, రానున్న సమృద్ధిని గూర్చియే. వారు కట్టని పట్టణములు, నింపని ఇండ్లు, నాటని తోటలు, త్రవ్వని బావులు వారికి దొరకబోవుచుండెను. కడుపు నిండిన ఆ దినమున, తమ్మును దాస్యము నుండి విడిపించిన దేవుని వారు మరచిపోవుదురేమోయని ఆ వృద్ధసేవకుడు కలత చెందెను. అరణ్యములో దప్పి వారికి దేవుని జ్ఞాపకము చేసెను. కనానులో బావి ఆయనను మరపించునేమో!

ధనిక దేశముల ప్రజలు తమకున్న మేళ్ల విలువ నెరుగుదురా అను ప్రశ్న తరచుగా వినబడును. కుళాయి త్రిప్పగానే మంచినీరు, మీట నొక్కగానే వెలుగు, జబ్బు చేసిన గంటలోనే వైద్యుడు, ఇవన్నియు పుట్టుకతోనే దొరికిన వానికి వరములుగా కనబడవు. సూర్యోదయమువలె సహజముగానే తోచును. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్‌యు కలిసి వేసిన లెక్క ప్రకారము 2022లో లోకములో 220 కోట్లమందికి సురక్షితముగా నిర్వహింపబడు త్రాగునీరు లేదు. ఆ సంఖ్య ధనిక దేశపు భోజనపు బల్లయొద్ద ఎన్నిమారులు తలంపబడును? అని అడుగుట సులభము. అయితే ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు సముద్రము దాటనక్కరలేదు. ఢిల్లీలోని చాణక్యపురి వరకు వెళ్లిన చాలును.

చాణక్యపురి విదేశ రాయబార కార్యాలయముల నిలయము. వెడల్పైన రహదారులు, నీడనిచ్చు చెట్లు, పచ్చిక మైదానములు అక్కడ కన్నులకు చలువనిచ్చును. 2024 మే నెలాఖరున ఢిల్లీ తీవ్రమైన ఎండలతో మండుచుండగా, అదే చాణక్యపురిలోనున్న సంజయ్ క్యాంపు అను పేదల బస్తీలో నీటి ట్యాంకరు వచ్చిన వెంటనే జనులు ఖాళీ డబ్బాలతో దాని చుట్టు మూగిరి. లోకములోని ధనిక దేశముల జెండాలు ఎగురు ప్రాంతములోనే, ఒక బిందెడు నీటికి పెనుగులాట జరిగెను. కాబట్టి మేళ్లను మరచిపోవువాడు దూరదేశమందే ఉన్నాడనుకొనరాదు. నీరున్న ఇల్లు, నీరులేని ఇల్లు ఒకే పట్టణములో ప్రక్కప్రక్కనే యున్నవి.

1. ఆ బావిని త్రవ్వినదెవరు?

రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ఐదవ జార్జి 1911 డిసెంబరు 12న ప్రకటించెను. కొత్త నగరము 1931 ఫిబ్రవరిలో ప్రారంభింపబడెను. శిల్పులైన లుటియన్స్, బేకర్ల పేర్లు చరిత్రలో నిలిచెను. రాజస్థాన్ మొదలగు ప్రాంతముల నుండి వచ్చి రాళ్లు మోసిన స్త్రీపురుషుల పేర్లు ఎవరును వ్రాసి యుంచలేదు. నేడు అక్కడ కాపురముండువారు తాము కట్టని పట్టణములోనే కాపురమున్నారు.

ఆ పట్టణము త్రాగు నీరును అట్టిదే. యమునలో పారునదియు, హర్యానా నుండి మూనక్ కాలువ తెచ్చునదియు గాక, హిమాలయములలోని టెహ్రీ జలాశయపు నీటిలో ఒక భాగము గంగా కాలువగుండ మురాద్‌నగర్ చేరి, సోనియా విహార్ శుద్ధికేంద్రము ద్వారా ఢిల్లీ ఇండ్లకు చేరుచున్నది. ఆ గంగా కాలువ ప్రోబీ కాట్లీ పర్యవేక్షణలో నిర్మింపబడి 1854లో తెరువబడెను. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన రెండేండ్లకే అది జరిగెను. టెహ్రీ ఆనకట్ట మాత్రము ఇటీవలిది. దాని జలాశయములో పాత టెహ్రీ పట్టణమును, అనేక గ్రామములును మునిగిపోయెను. తరతరములుగా కాపురమున్న ఇండ్లు విడిచి ఆ జనులు క్రొత్త చోట్లకు తరలిపోయిరి. ఢిల్లీలో ఒక గ్లాసెడు నీరు త్రాగువాడు వారి గుమ్మములమీదుగా పారివచ్చిన నీటిని త్రాగుచున్నాడేమో, అతడెరుగడు.

2016 ఫిబ్రవరిలో హర్యానాలో రిజర్వేషన్ల కొరకు జరిగిన ఆందోళనలో మూనక్ కాలువ దెబ్బతినెను. ఢిల్లీలో పెక్కు శుద్ధికేంద్రములు నిలిచిపోయెను. నీటి కొరతచేత ఫిబ్రవరి 22న పాఠశాలలు మూయబడెను. సైన్యము వచ్చి కాలువను స్వాధీనము చేసికొనవలసి వచ్చెను. కుళాయి వెనుక ఒక కాలువ యున్నదని, ఆ కాలువ వెనుక పరుల చేతులున్నవని, అనేకులకు ఆ దినములలోనే తెలిసెను. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమునకును 2018లో అట్టి పాఠమే కలిగెను. వానలు లేక జలాశయములు ఎండగా, తోటలు, ఈతకొలనులు గలవారును మనిషికి దినమునకు 50 లీటర్లతో సరిపెట్టుకొనవలెనని ఆజ్ఞ వెలువడెను. అమెరికావంటి ధనిక దేశములోనే ఫ్లింట్ పట్టణమున 2014లో నీటి ఆధారమును మార్చిన పిమ్మట సీసము కలిసిన నీరు ఇండ్లలోనికి వచ్చెను. మేలు నిలిచియున్నంత కాలము కనబడదు, తొలగినప్పుడే కనబడును. పొందనిది నీకేమి కలదని పౌలు కొరింథీయుల నడిగిన ప్రశ్న (1 కొరింథీ. 4:7) ప్రతి కుళాయి మీదను వ్రాయదగినది.

2. వాకిట నున్నవాని చూడని పాపము

ధనవంతుని గూర్చియు లాజరును గూర్చియు ప్రభువు చెప్పిన ఉపమానములో (లూకా 16:19–31) ధనవంతుడు లాజరును కొట్టెనని గాని, తన వాకిట నుండి తరిమెనని గాని లేదు. అతని ధనము అన్యాయార్జితమనియు ప్రభువు చెప్పలేదు. అతని ఇంటి వాకిట ఒక మనుష్యుడు పడియుండెను. లోపల ప్రతిదినము విందు జరుగుచుండెను. అంతే! అయితే పాతాళములో కన్నులెత్తినప్పుడు అతడు లాజరును పేరుపెట్టి పిలిచెను. కాగా ఆ పేరు అతనికి ముందే తెలియును. మరియు అక్కడ అతడు వేడుకొనినది బంగారము కాదు, విందు కాదు. వ్రేలికొన మీది నీటిబొట్టు. ఆ బొట్టును తెచ్చుటకు లాజరునే పంపుమనెను. వేదనలో సహితము లాజరు అతనికి పరిచారకుడుగానే కనబడెను గాని సహోదరుడుగా కనబడలేదు.

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాలలోని అంతస్తుల ఇండ్లలో పనిచేయు స్త్రీలలో ఎందరో తెల్లవారకముందే తమ సందులో ట్యాంకరు కొరకు బిందెలతో, డబ్బాలతో నిలిచి, అటుపిమ్మట పనికి వచ్చెదరు. వచ్చి, ధారగా పడు కుళాయి క్రింద ఇతరుల గిన్నెలు కడుగుదురు. ట్యాంకరు ఆలస్యమైన దినమున ఆమెయు ఆలస్యముగా వచ్చును. యజమానురాలు ఆలస్యమును లెక్కించును గాని, నీ ఇంటికి నీరు వచ్చినదా అని అడుగదు. ఆ ఇంటి గోడమీద వాక్యపు క్యాలెండరు వ్రేలాడుచుండవచ్చును. ఆ భోజనపు బల్లయొద్ద ప్రతి పూట స్తోత్రము చెల్లింపబడవచ్చును. ఆ స్తోత్రము గడప దాటి ఆ స్త్రీ ఖాళీ బిందెను చేరనియెడల, అది దేవుని సన్నిధికి చేరునా?

మేలును సహజమని యెంచు గుణము ధర్మకార్యములలో సహితము దూరును. 2015లో ఢిల్లీ ప్రభుత్వము మీటరుగల ప్రతి గృహమునకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితముగా ఇచ్చెదనని ప్రకటించెను. అది అనేక సామాన్య కుటుంబములకు ఊరట కలిగించెను. అయితే మీటరు లేనివానికి, గొట్టమే రాని సందులో నివసించువానికి ఆ ఉచితము అందుటెట్లు? కలిగినవాడు అందుకొన్న మేలు, లేనివానికి అందనే లేదని గుర్తించుటకు ప్రత్యేకమైన కన్నులు కావలెను.

3. జ్ఞాపకము క్రియగా మారవలెను

ఇక్కడ ఒకరు న్యాయముగానే అడుగవచ్చును: ప్రతిదినము కుళాయిని చూచి ఆశ్చర్యపడుట మానవునికి సాధ్యమా? అలవాటైనది కనుమరుగగుట స్వభావము కదా? నీరున్నవాడు నీరు మానివేసినందున లేనివాని దప్పి తీరునా?

మోషే ధర్మశాస్త్రము ఈ బలహీనత నెరుగును. కనుకనే అది జ్ఞాపకమును కేవలము మనోభావముగా విడువలేదు, దానికొక క్రమము నేర్పరచెను. ప్రథమ ఫలములు తెచ్చువాడు గంప దించి, తన పితరుల దాస్యమును తన నోటితో చెప్పవలెను, పిమ్మట లేవీయునితోను పరదేశితోను కలిసి సంతోషింపవలెను (ద్వితీ. 26:1–11). పొలములో మరచిన పన పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి విడువవలెను, ఏలయనగా కోయువాడు ఒకప్పుడు ఐగుప్తులో దాసుడు (ద్వితీ. 24:19–22). నీవు అపరాధివని మోషే వారిని నలుగగొట్టలేదు. బావిని పూడ్చుమనియు చెప్పలేదు. ఎక్కడనుండి వచ్చితివో మరువకుము, ఆ జ్ఞాపకము నీ చేతిని తెరువనిమ్ము అనుటయే ఆయన బోధ.

తెలుగు సంఘమునకు ఈ మాట మరి యెక్కువగా తగును. నేడు ఢిల్లీలో, హైదరాబాదులో, విదేశములలో సుఖముగా నున్న క్రైస్తవ కుటుంబములలో అనేకుల తాతముత్తాతలకు ఊరి బావి గట్టెక్కు హక్కు లేకుండెను. వారు కుండతో దూరముగా నిలిచి, ఎవరైన జాలి తలచి పోయు నీటికై ఎదురుచూచిరి. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కరు వేలమందితో చెరువునకు నడచి, దోసిట నీరు త్రాగిన దినము వరకు అది సామాన్య విషయమే. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 15వ అధికరణములో బావులను, చెరువులను పేర్కొని, వాటి వాడుకలో కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదనెను. దేశపు మూలశాసనములో బావి యను మాట వ్రాయవలసినంతగా బావి మనుష్యులను వేరుచేసియుండెను. ఆ కుండ పట్టి నిలిచిన అవ్వ మనుమరాలు, నేడు తన వంటింట నీటిధార తెరచి, ఖాళీ బిందె కలిగిన మరియొక స్త్రీని చూడకపోయినయెడల, ఐగుప్తును మరచినవారు వేరెవరు?

దావీదు ఈ విషయములో ఒక మాదిరి చూపెను. ఫిలిష్తీయులు బేత్లెహేములో దిగియుండగా, ఆ యూరి గవినియొద్దనున్న బావి నీళ్లకై అతడు ఆశపడెను. ముగ్గురు శూరులు శత్రువుల దండును చొచ్చి ఆ నీరు తెచ్చిరి. దావీదు దానిని త్రాగలేదు. ప్రాణమునకు తెగించి పోయినవారి రక్తముగా దానినెంచి యెహోవా సన్నిధిని పారబోసెను. అతడు నీటిని వ్యర్థము చేయలేదు. దానిలో ఇమిడియున్న వెలను చూచెను. గ్లాసులో నీరుమాత్రమే చూచువాడు మరచినవాడు. దాని తెచ్చినవాని చూచువాడు జ్ఞాపకము గలవాడు.

ఇట్టి జ్ఞాపకమునకు చిన్న చిన్న క్రియలు చాలును. పనిమనిషి ఆలస్యమునకు కారణమడిగి, ట్యాంకరు వచ్చు వేళను బట్టి పనివేళ మార్చుట. ఆమె తన డబ్బా నింపుకొని పోవునట్లు సంకోచము లేకుండ తానే చెప్పుట. శుద్ధియంత్రము విడుచు నీటిని కాలువపాలు చేయక ఇల్లు కడుగుటకు వాడుట. ఎండకాలములో దేవాలయపు ఆవరణలోని కుళాయిని వీధివారికి తెరచియుంచుట. కోతపండుగ కానుకలో ఒక పాలు గొట్టము లేని బస్తీ కొరకు ప్రత్యేకించుట. ఆ బస్తీకి నీరు రావలెనని అధికారులకు వ్రాయు అర్జీలో తానును సంతకము చేయుట. గిన్నెడు చన్నీళ్లను సహితము ప్రభువు మరువడు (మత్తయి 10:42).

ఆ ప్రభువు సమరయ బావియొద్ద అలసి కూర్చుండి, తన జనులు అంటరానిదిగా ఎంచిన స్త్రీని నీళ్లడిగెను. జీవజలముల నిచ్చువాడే సిలువమీద దప్పిగొనెను. దప్పిగొన్న ప్రతివానిలో ఆయన తన ముఖమును చూపుచున్నాడు (మత్తయి 25:35–40). తాను త్రవ్వని బావియొద్ద కూర్చున్న ప్రతి విశ్వాసి, త్రవ్వినవారిని తలంచి, ఇచ్చిన దేవుని స్తుతించి, దప్పిగొన్న పొరుగువాని కుండ నింపునట్లు ఆయన కృప తోడైయుండును గాక. ఆమేన్.