తెడ్డు చేతికిచ్చుడి

రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతునకు దావీదు రాజు తన బల్లయొద్ద చోటిచ్చెను. మనమైతే అట్టివారిని గుడి గడపయొద్దనే విడిచిపెట్టుచున్నాము.

కర్టిస్ మెక్‌గ్రాత్ అను ఆస్ట్రేలియా సైనికుడు 2012లో ఆఫ్ఘనిస్తాన్‌లో బాంబు పేలి రెండు కాళ్లు పోగొట్టుకొనెను. మోసికొనిపోవుచుండగానే, తనను పారాలింపిక్ క్రీడలలో చూచెదరని తోటివారితో చెప్పెను. అతడు సాధన చేసిన ‘వా’ దోనె పందెమును 2016 రియో క్రీడలలో చేర్చలేదు. అయినను మానక, కయాక్ అను వేరొక దోనె పట్టి, 200 మీటర్ల పందెములో బంగారు పతకము పొందెను. 2021లో టోక్యోలో రెండు దోనెలతోను గెలిచెను.

దోనె దొరికినందుననే గదా ఆ చేతుల బలము బయలుపడినది! మన సంఘములోని వికలాంగులకు జాలిమాటలు చాలవు. బల్లయొద్ద చోటును, చేయుటకు పనియు ఇచ్చెదము.