చెంబులో చింతపిక్కలు

గోవాడలో క్రషింగ్ మొదలైతే ఊరి నిద్రవేళలు మారిపోయేవి. సహకార చక్కెర ఫ్యాక్టరీకి చోడవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి చెరకు బళ్లూ ట్రాక్టర్లూ వస్తూనే ఉండేవి. కాటా దగ్గర వంతు కోసం కాచుకునేవాళ్లకు పేకముక్కలే కాలక్షేపం. అక్కడే ఒక రైతు ఇంటి ముగ్గురు అన్నదమ్ములు రమ్మీ వదిలి ఫోనులో పోకర్ నేర్చుకున్నారు. ఇది 2020కి ముందు మాట. అప్పటికింకా మన రాష్ట్రంలో ఆన్‌లైన్ ఆటలమీద నిషేధం రాలేదు.

ఆట వంటబట్టింది గానీ ఏ పద్ధతిలో ఆడాలో తేలలేదు. ఎప్పుడంటే అప్పుడు కూర్చుని, ఎప్పుడంటే అప్పుడు లేచిపోయే క్యాష్ గేమా? ఒకసారి రుసుము కట్టి చివరిదాకా నిలబడాల్సిన టోర్నమెంటా? బల్ల నిండగానే మొదలై గంటలో తేలిపోయే సిట్ అండ్ గోనా? పెద్దవాడు దూకుడు మనిషి. నడిపివాడు నిదానస్తుడు. చిన్నవాడు చురుకే గానీ కుదురు లేదు. ముగ్గురూ తాతను అడిగారు. ఆయన చాలాకాలం కాటా దగ్గర పనిచేసి దిగినవాడు, తూకం చూడనిదే మాట చెప్పడు.

"డబ్బులెట్టి ఆడే ముందు నా ముందర ఆడండిరా" అని వీధిలో మరో ముగ్గురు కుర్రాళ్లను పిలిచి, తలా వంద చింతపిక్కలు లెక్కపెట్టి ఇచ్చాడు. పక్కన ఇత్తడి చెంబు పెట్టుకున్నాడు. "పందెం గెలిచినోడల్లా ఒక పిక్క ఇందులో వెయ్యాల. దీపం ఖర్చు."

మొదటి రాత్రి క్యాష్ గేమ్. పెద్దవాడు చేతిలో ఏ రెండు ముక్కలు పడినా పందెం పెంచాడు. మిగతావాళ్లు జడిసి ముక్కలు పడేస్తుంటే అతని కుప్ప పెరిగింది. అప్పుడే లేచిపోయి ఉంటే ఆ రాత్రి అతనిదే. ఇంతలో ఒక పెద్ద పందెంలో సగం కుప్ప పోయింది. అక్కణ్ణుంచి పోయినదాని వెంట పడ్డాడు. "ఇంకో వంద ఇయ్యి తాతా" అన్నాడు. తాత ఇచ్చాడు. అవీ పోయాయి. మళ్లీ అడిగాడు. ఎవరూ పట్టి ఉంచని ఆటలోంచి అతను లేవలేకపోయాడు.

రెండో రాత్రి టోర్నమెంటు. తలా వందలో పది చెంబుకు. ఉన్నవి పోతే మళ్లీ ఇచ్చేది లేదు. ముక్కలు చూడకముందే కట్టాల్సిన బ్లైండ్లు అరగంటకోసారి రెట్టింపవుతాయి. పెద్దవాడు తొందరగానే అంతా పోగొట్టుకుని వెళ్లి పడుకున్నాడు. నడిపివాడు కాచుకున్నాడు. రెండు ఆసులు కలిసి చేతికి రావడం సగటున 221 ఆటలకు ఒకసారి. అంతదాకా ఆగితే బ్లైండ్లే మింగేస్తాయని గ్రహించి అదను చూసి కదిలాడు. కోడి కూసేవేళకి గెలిచాడు. ఆ రోజే వాళ్లకు ఫ్యాక్టరీ నుంచి చెరకు కటింగ్ ఆర్డరు. కూలీలు పొలం గట్టున నిలబడి ఉంటే ఇంట్లో ఇతను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

మూడో రాత్రి సిట్ అండ్ గో. చిన్నవాడు మొదటి ఆట గెలిచాడు, అన్నం వేళకి. రెండోదీ ఆడాడు. మూడో ఆట, నాలుగో ఆట. ఆట చిన్నదే, దానికి వరస మాత్రం తెగలేదు.

మర్నాడు ముగ్గురూ తమ తమ ఆట తేలిపోయిందన్నారు. తాత ఒప్పుకోలేదు.

"పెద్దోడా, నీకు క్యాష్ గేమ్ పనికిరాదు. టోర్నమెంటైతే కట్టిన వందతో నష్టం ఆగిపోద్ది. నడిపోడికి ఓపికుంది, లేవమంటే లెగుస్తాడు, పొద్దున్నే పొలం కెళ్లాల. ఆడికి క్యాష్ గేమే సరి. సిన్నోడికి ఆ చిన్నాటే, రాత్రికి ఒక్కటే. ఏటి బాగా ఆడతారో అది సూడకండి. ఎక్కడ ఆగలేకపోతన్నారో అది సూడండి."

అని చెంబు బోర్లించాడు. అందులోంచి పడిన పిక్కలు ఆరుగురిలో ఏ ఒక్కడి కుప్పకన్నా ఎక్కువున్నాయి.

"మూడు రాత్రులూ ముక్క ముట్టకుండా గెలిచింది ఇదేరా. ఇయ్యి మన గోనెలోంచి వచ్చాయి, మన గోనెలోకే పోతాయి. మరి ఫోన్లో చెంబు ఎవరింట్లో ఉంది?"

ఎవరూ పలకలేదు. పెద్దవాడు ఆ పూటే ఫోనులోంచి ఆట తీసేశాడు. కాటా దగ్గర వంతు ఆలస్యమైన రాత్రుల్లో ముగ్గురూ చింతపిక్కలతో ఆడుతూనే వచ్చారు.

నీతి: ఆటను ఎంచుకునేవాడు తన నేర్పుకన్నా ముందు తన ఆగలేనితనాన్ని తూచుకోవాలి. దానికీ ముందు చెంబు ఎవరిదో అడగాలి.

ఆ చెంబుకు, అంటే ఆడించేవాడు కోసుకునే వాటాకు, పోకర్‌లో రేక్ అని పేరు. పోకర్‌లో నేర్పు లేదని నేననను. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అంది. పోకర్‌లోనూ లెక్క, ఓర్పు, ఎదుటివాణ్ణి చదవడం ఉన్నాయి. కాని నేర్పరి ఎదుటివాళ్లను గెలిస్తే చాలదు, రేక్‌నూ గెలవాలి. ఎదురెదురుగా కూర్చుంటే గంటకు ముప్పై ఆటలు నడవడమే ఎక్కువ. ఫోనులో అంతకు రెట్టింపు, పైగా ఒకేసారి రెండు మూడు బల్లల దగ్గర ఆడొచ్చు. అంత వేగంగానూ చెంబు నిండుతుంది. అందుకే ఏ పద్ధతి లాభమన్న ప్రశ్న కన్నా ఏ పద్ధతిలో నేను తక్కువ చెడతానన్న ప్రశ్న నిజాయితీ గలదని నా నమ్మకం.

ఇప్పుడు డబ్బు పెట్టి ఆడే దారులు మూసుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఇది సరైన పనేనని నేననుకుంటాను. ఇంకా దొంగదారిన పిలిచే విదేశీ యాప్‌ల దగ్గర డబ్బు పోతే అడగడానికి దిక్కుండదు.

ఆట మీద ఇష్టమున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పోకర్ మానమని నేను చెప్పడం లేదు. మీ స్వభావానికి తగిన పద్ధతి ఎంచుకోండి, ఇంట్లో పిక్కలు పెట్టి ఆడండి. మీ ఇంట్లో ఎవరైనా రాత్రిళ్లు ఫోను వదలక, అప్పులు దాస్తూ తిరుగుతుంటే తిట్టి ఊరుకోకండి, పక్కన కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోను చేయించండి. నంబరు 14416. ఖర్చు లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.